కవరు ఊరెళ్ళింది

నవంబరు మొదటి సోమవారం లైబ్రరీ పీరియడ్‌లో తొమ్మిదో తరగతి దీవెన నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడింది.

"సార్, ఐశ్వర్యకి చెప్పండి, నా స్కేలు నాకు ఇచ్చేయమని."

ఐశ్వర్య ఆ పక్కనే ఉంది. ఇద్దరి మధ్యా జానెడు దూరం కూడా లేదు.

"నువ్వే అడగొచ్చు కదమ్మా," అన్నాను.

"మేం మాట్లాడుకోవట్లేదు సార్."

"సార్, దీవెనకి చెప్పండి," ఐశ్వర్య అందుకుంది. "స్కేలు శనివారమే దాని బ్యాగులో పెట్టేశాను. బ్యాగు సరిగ్గా చూసుకోమనండి."

దీవెన బ్యాగు వెతికింది. స్కేలు దొరికింది. "సార్, దొరికిందని చెప్పండి," అంది నాతో. చెప్పాను.

ఆరో తరగతి నుంచి ఆ ఇద్దరిదీ ఒకే బెంచీ. దీవెన వాళ్ళది హంసలదీవి దగ్గర పల్లె. తండ్రి సముద్రంలో వేటకి వెళ్తాడు. పిల్ల అవనిగడ్డలో హాస్టల్లో ఉండి మా హైస్కూల్లో చదువుకుంటోంది. అడిగితే తప్ప మాట్లాడదు. ఐశ్వర్య వాళ్ళు ఊళ్ళోనే ఉంటారు, వరి రైతులు. ఆ పిల్ల అడక్కపోయినా మాట్లాడుతుంది. ఇన్నాళ్ళూ ఒకరు మాట్లాడటం, ఒకరు వినడంతో ఆ బెంచీ సాఫీగా నడిచింది.

"కొట్లాట దేనికి?" అని అడిగాను.

"యలమంద గురించి సార్," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

నాకు కాస్త భయం వేసింది. "యలమంద ఎవరు? ఏ సెక్షను?"

ఐశ్వర్య కళ్ళు పెద్దవి చేసింది. దీవెన తల దించుకుంది. వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు.

"సెక్షను కాదు సార్," అంది దీవెన. "పుస్తకంలో అబ్బాయి."

నేను ఫిజికల్ సైన్స్ చెప్తాను. లైబ్రరీ పీరియడ్ నా చేతికి వచ్చింది జూన్‌లో. అంతకు ముందు అది నా భార్య త్రిపురసుందరిది. ఆవిడ అదే స్కూల్లో తెలుగు టీచరు. మార్చిలో పోయింది. స్కూలు తెరిచాక హెడ్మాస్టర్ సీతారామాంజనేయులు గారు టైమ్ టేబుల్ వేస్తూ, నా వైపు చూడకుండా, "లైబ్రరీ మీరు చూస్తారా అనంతకృష్ణ గారూ?" అన్నారు. చూస్తానన్నాను. అప్పటి నుంచి పిల్లలు పుస్తకాలు తీసుకుంటున్నారు, తెచ్చి పెడుతున్నారు, నేను రిజిస్టర్లో సంతకాలు చేస్తున్నాను. అంతవరకే.

ఆవిడ పద్ధతి వేరు. పిల్లల నవల ఏది లైబ్రరీకి వచ్చినా ముందు కుట్టు విప్పి చివరి పేజీలు తీసేసేది. వాటిని ఒక బ్రౌను కవర్లో పెట్టి, అంటించి, మీద పుస్తకం పేరు రాసి బీరువాలో దాచేది. పుస్తకం మళ్ళీ కుట్టి పిల్లలకి ఇచ్చేది. చదివిన పిల్ల ఆవిడ దగ్గరకు వచ్చి, కథలో వాళ్ళు ఎలాంటివాళ్ళో, అలాంటివాళ్ళు తర్వాత ఏం చేస్తారో చెవిలో చెప్పాలి. చెప్తే కవరు చేతికి వస్తుంది. చెప్పింది సరైనదా కాదా అన్నదానితో పని లేదు. "చెప్పాలి అంతే," అనేది. చదివినవాళ్ళు చదవనివాళ్ళకి చెప్పకూడదన్నది రెండో నియమం. పుస్తకాలు పాడుచేస్తున్నారని ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఒకాయన కోప్పడితే, ఆయనకి కూడా చివరి పేజీలు లేని పుస్తకం ఒకటి ఇచ్చి పంపింది.

ఇప్పుడు కొట్లాట పెట్టిన పుస్తకం 'మడ అడవిలో దూడ'. ఎప్పుడో ముప్పై ఎనిమిదేళ్ళ కిందట అచ్చయిన నవల. పోయిన డిసెంబర్లో ఆవిడ పాత పుస్తకాల్లో వెతికి తెచ్చింది. మొదట చదివింది ఈ ఇద్దరే. జనవరిలో ఇద్దరూ విడివిడిగా ఆవిడ చెవిలో తమ జవాబు చెప్పారు. సెలవుల తర్వాత కవరు ఇస్తానంది. సెలవులయ్యాక అడిగితే, "కవరు ఊరెళ్ళిందర్రా, వస్తుంది," అందట.

"ఏ ఊరు?"

"చెప్పలేదు సార్. నవ్వారు."

ఈ లోపల గ్రంథాలయ వారోత్సవాలు వచ్చాయి. బందరులో జిల్లా పోటీ. ఇద్దరేసి పిల్లలు ఒక పుస్తకంలోని రెండు పాత్రలను పోల్చి పది నిమిషాలు మాట్లాడాలి. హెడ్మాస్టర్ గారు ఈ ఇద్దరి పేర్లూ, ఈ పుస్తకం పేరూ పంపేశారు. తయారవడానికి కూర్చున్నప్పుడు కదా తెలిసింది, జనవరిలో ఇద్దరూ చెప్పిన జవాబులు వేరని. వాదన పెరిగి, కథలో వాళ్ళను వదిలి ఒకరి మీద ఒకరు పడ్డారు. కథలో అనసూయ అనే పిల్ల గంటసేపు ఒకచోట కూర్చోలేదు, అచ్చం నీలాగే అని దీవెన అంది. యలమందకి నోట్లోంచి మాట ఊడిపడటానికే గంట పడుతుంది, ఆపదొస్తే చెప్పకుండా జారుకునే రకం, అచ్చం నీలాగే అని ఐశ్వర్య అంది. పోటీ ఇంకా పదహారు రోజులుంది.

"సార్, చివరి పేజీలు ఇచ్చేయండి," అంది ఐశ్వర్య. "ఎవరిది తప్పో తేలిపోద్ది."

బీరువా తీశాను. కవర్లు నలభై రెండు. ఒక్కొక్కటే పేరు చూశాను. 'మడ అడవిలో దూడ' లేదు.

"అయితే మేం పోటీకి వెళ్ళం సార్," అంది దీవెన నెమ్మదిగా. "మాట్లాడకుండా పక్కపక్కన ఎలా నిలబడతాం?"

ఐశ్వర్య ఏదో అనబోయి ఊరుకుంది. అది అరుదు. వాళ్ళు బాధపడుతున్నది పోటీ గురించి కాదని నాకు అప్పుడు అర్థమైంది.

*

ఆ ఆదివారం పుస్తకం చదివాను. చదవమని ఆవిడ డిసెంబరు నుంచీ అంటూనే ఉండేది. పదో తరగతి పరీక్షలు కానివ్వమన్నాను.

కథ చిన్నది. హంసలదీవి దగ్గర ఒక పల్లె. అనసూయ వాళ్ళ గేదె దూడ తప్పిపోయి, పాయల వెంట మడ అడవిలోకి పోతుంది. జబ్బుతో పడుకున్న తండ్రికి దూడ కొట్టంలోనే ఉందని అబద్ధం చెప్పి, ఎదురింటి యలమందని వెంటబెట్టుకుని అనసూయ చిన్న పడవలో బయల్దేరుతుంది. ఇద్దరికీ పద్నాలుగేళ్ళు. యలమంద ఎక్కడికి వెళ్ళినా వెదురు కర్రతో నీళ్ళ లోతు కొలుస్తాడు. పాయ ఎన్నిసార్లు మలుపు తిరిగిందో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటాడు. అనసూయ దారిలో కనిపించిన పీతల్ని కూడా పలకరిస్తుంది. తెచ్చుకున్న చద్దన్నం మొత్తం మధ్యలో కలిసిన ముసలాయనకి పెట్టేస్తుంది. దూడ దొరుకుతుంది, మెడదాకా బురదలో. పడవకి చిల్లు పడుతుంది. ఇక అది ఒక్కరినే మోస్తుంది. సముద్రం పోటు మొదలవుతుంది. ఒకరు దూడ తల నీళ్ళలో మునగకుండా పట్టుకుని అక్కడే ఉండాలి. ఒకరు వెళ్ళి మనుషుల్ని తేవాలి.

'ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.' అక్కడితో నూట పన్నెండో పేజీ అయిపోయింది. తర్వాత అట్ట.

యలమంద ఉంటాడని దీవెన. అనసూయ ఉంటుందని ఐశ్వర్య. ఎవరికి వారు తమలాంటివాళ్ళే వదిలి వెళ్ళరని అంటున్నారు.

నాకు తెలిసిన పని నేను చేశాను. ఒక తెల్ల కాగితం మీద గళ్ళు గీసి, ధైర్యం, ఓర్పు, నిజాయితీ, దయ, తెలివి, మాట నిలబెట్టుకోవడం అని రాసి, ఇద్దరికీ పదేసికి మార్కులు వేశాను. కొలిస్తే తేలనిది ఏముంటుందని నా నమ్మకం. కూడితే ఇద్దరికీ నలభై ఒకటి వచ్చాయి.

సోమవారం ఆ కాగితం పిల్లలిద్దరికీ చూపించాను.

"సార్," అంది ఐశ్వర్య, "ఓర్పుకి అనసూయకి మూడేశారు. నాకు స్లిప్ టెస్టులో కూడా మూడే వేశారు. మీ దగ్గర మూడు ఎక్కువుంటాయా?"

"సార్," అంది దీవెన, "నిజాయితీకి అనసూయకి రెండు వేశారు. అబద్ధం చెప్పింది నాన్న బెంగపడతాడని కదా?"

"అయితే ఎన్ని వేయమంటావు?"

"అబద్ధానికి రెండు సార్. నాన్నకి పది."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. నా భార్య ఉండి ఉంటే ఆ కాగితాన్ని స్టాఫ్ రూము నోటీసు బోర్డు మీద అంటించి ఉండేది.

పుస్తకం లోపలి అట్ట మీద రచయిత పేరు, చిరునామా ఉన్నాయి. పూర్ణచంద్రరావు, గుడివాడ. వీధి పేరు, ఇంటి నంబరు కూడా అచ్చువేశారు. మనిషి ఉన్నాడో లేదో తెలియదు. రాసినవాడికి ముగింపు తెలియకుండా ఉంటుందా అన్నాను. పిల్లలిద్దరి ముఖాలూ వెలిగాయి. తర్వాత ఒకరినొకరు చూసుకుని వెలుగు ఆర్పేశారు.

*

ఆడపిల్లల్ని ఊరు తీసుకెళ్ళడానికి తోడు కావాలి కాబట్టి దీవెన వాళ్ళమ్మ మాణిక్యం వచ్చింది. హంసలదీవి నుంచి చేపలు తెచ్చి అవనిగడ్డ మార్కెట్లో అమ్ముతుందామె. మరుసటి ఆదివారం గంప పక్కన పెట్టి, ఇస్త్రీ చీర కట్టుకుని, బస్టాండులో అందరికంటే ముందే ఉంది.

పామర్రులో బస్సు మారాలి. అక్కడిదాకా పిల్లలిద్దరి మధ్యా మాణిక్యం కూర్చుంది. కథ చెప్పమంది. ఈ చెవిలో ఒకరు, ఆ చెవిలో ఒకరు చెప్పారు.

"ఒక్కొక్కరు చెప్పండే తల్లీ, నాకున్నది ఒక్కటే బుర్ర," అంది. అంతా విన్నాక అడిగింది: "ఇంతకీ ఆ దూడకి పాలెవరు పట్టారు?"

"పాలా?"

"పొద్దున్నుంచీ బురదలో ఉందంటున్నారుగా. పాలు తాగని దూడ నీళ్ళలో ఎంతసేపు నిలబడుద్ది? ఆ రాసినాయన్ని అడగాలి."

పెదపారుపూడి వైపు నుంచి వచ్చే బస్సుకి మేం దారి ఇచ్చేసరికి మాణిక్యం దగ్గర ప్రశ్నలు నాలుగయ్యాయి.

పూర్ణచంద్రరావు గారు ఉన్నారు. ఎనభై దాటిన మనిషి, ముప్పై నాలుగేళ్ళు పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. చేతిలో పుస్తకం చూడగానే గుమ్మంలోనే ఆగిపోయి, మా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని తొంగిచూశారు.

"టీచరుగారు రాలేదా?" అన్నారు.

కవరు ఏ ఊరెళ్ళిందో అప్పుడు తెలిసింది.

చెప్పాను. రెండు మాటల్లో చెప్పాను. ఆయన తలుపు పూర్తిగా తెరిచి, "రండి, లోపలికి రండి," అన్నారు. మంచినీళ్ళు ఆయనే తెచ్చి ఇచ్చారు.

జనవరిలో ఆవిడ ఒంటరిగా వచ్చిందట. ఈయన దగ్గర ఈ పుస్తకం కాపీ ఒక్కటి కూడా మిగల్లేదు. ఉన్నవన్నీ చెదలు తినేశాయి. కథ ఎలా ముగించారో ఈయనే మర్చిపోయారు. అది వినగానే ఆవిడ కవరు సంచిలోంచి తీసి, ఇవ్వకుండా చేతిలో పట్టుకుని, "ముందు మీరు చెప్పండి. ఎవరు ఉంటారు?" అందట.

"రాసినాయన్నే?" అంది ఐశ్వర్య.

"నన్నే! చెవిలో చెప్పమన్నారమ్మా. చెప్పాను. అప్పుడు కవరు ఇచ్చి వెళ్ళారు." ఆయన నవ్వడం మొదలుపెట్టారు. "తప్పు చెప్పాను! నేను సృష్టించిన పిల్లలు, నాకే తెలియలేదు."

ఐశ్వర్య పడీపడీ నవ్వింది. దీవెన కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వుతూ ఇద్దరూ ఒకరి వైపు ఒకరు తిరిగారు, వెంటనే సర్దుకున్నారు.

"ఏది చెప్పారు తాతగారూ?" ఐశ్వర్య ముందుకు జరిగింది.

"అది చెప్తే అసలుది తెలిసిపోతుంది. చదివినవాళ్ళు చదవనివాళ్ళకి చెప్పకూడదని ఆవిడకి మాటిచ్చాను."

"కొంచెం చెప్పండి."

"పోస్టాఫీసులో పనిచేసినవాడిని. ఒకరి కవర్లో ఉన్నది ఇంకొకరికి చెప్పను."

మాణిక్యం ఇక ఆగలేదు. "అయ్యగారూ, ఆ పడవ సంగతి నాకు చెప్పండి. ఇద్దరు పిల్లలు, ఒక దూడ. పడరా? మా ఆయన పడవలో ఆరుగురం వస్తాం, వలలతో సహా."

"పడవకి చిల్లు పడిందమ్మా."

"చిల్లు పడితే గుడ్డ కుక్కుతారు. ఆ పిల్లకి ఓణీ లేదా?"

పూర్ణచంద్రరావు గారు పుస్తకం తీసుకుని పేజీలు తిప్పారు. "ఉంది," అని ఒప్పుకున్నారు. "నలభయ్యో పేజీలో ఉంది."

"మరి?"

"అమ్మా, నేను హంసలదీవి వెళ్ళింది జన్మలో ఒక్కసారి. అదీ బస్సులో. ఆ రోజు మీరు కనిపించి ఉంటే ఈ కథే ఉండేది కాదు."

"పోన్లెండి," అంది మాణిక్యం ఉదారంగా. "దూడని మాత్రం బాగా రాశారంట."

ఇంతకీ కవరు ఏదని అడిగాను.

"పంపించేశానే! ఏప్రిల్లోనే. టీచరుగారి పేరు మీద, రిజిస్టర్డ్ పోస్టులో, అక్నాలెడ్జ్‌మెంటుతో." ఆయన లేచి వెళ్ళి, సొరుగులోంచి కార్డు ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. అందినట్టుగా కింద సంతకం ఉంది.

ఆ సంతకం నాది.

మార్చి తర్వాత కూడా ఆవిడ పేరు మీద ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. పత్రికలు, పెళ్ళి కార్డులు, పాత విద్యార్థుల ఉత్తరాలు. తీసుకుని, సంతకం అడిగితే చేసి, ఆవిడ రాతబల్ల సొరుగులో వేసేవాణ్ణి. విప్పేవాణ్ణి కాదు. అవి నాకు రాసినవి కావు కదా.

"ఏడు నెలలుగా మా ఇంట్లోనే ఉంది," అన్నాను.

ఐశ్వర్య నెత్తి కొట్టుకుంది. "సార్! మేం రోజూ మీ ఇంటి ముందు నుంచే ట్యూషన్‌కి వెళ్తున్నాం సార్!"

*

అవనిగడ్డ చేరేసరికి మూడున్నర. నలుగురం మా ఇంటికే వెళ్ళాం. వాళ్ళని వరండాలో కూర్చోబెట్టి నేను లోపలికి వెళ్ళి సొరుగు తీశాను. గుడివాడ ముద్ర ఉన్న కవరు అడుగునే ఉంది. తీసుకుని వరండాలోకి వచ్చి, వాళ్ళ ముందే చించాను. లోపల బ్రౌను కవరు. మీద ఆవిడ దస్తూరీ, 'మడ అడవిలో దూడ, చివరి పదహారు పేజీలు'. పూర్ణచంద్రరావు గారు పోస్టాఫీసు మనిషి కాబట్టి చదివాక మళ్ళీ నీటుగా అంటించి పంపారు.

విప్పబోతుంటే దీవెన నా చెయ్యి ఆపింది. ఆ పిల్ల అలా చెయ్యి పట్టుకుంటుందని నేను అనుకోలేదు.

"సార్, వెనక చూడండి."

తిప్పాను. వెనక ఆవిడ రాసుకున్న జాబితా. పేరు, జవాబు చెప్పిన తేదీ.

దీవెన, 8బి. జనవరి 6.
ఐశ్వర్య, 8బి. జనవరి 8.
పూర్ణచంద్రరావు గారు, గుడివాడ. జనవరి 18.
అనంతకృష్ణ గారు.

నా పేరు పక్కన తేదీ లేదు.

ముందు తేరుకున్నది ఐశ్వర్యే.

"సార్, మీరు చెప్పలేదు."

"ఇప్పుడు విప్పుతున్నాం కదమ్మా."

"చెప్పకుండా విప్పకూడదు సార్. తాతగారంతటాయనకే ఇవ్వలేదు."

"రూలు సార్," అంది దీవెన.

పది నెలలుగా ఒక మాట మీద నిలబడని ఇద్దరూ ఇప్పుడు ఒకే మాట మీద నిలబడి నన్ను చూస్తున్నారు. పది నెలలు కాదు, పదమూడు రోజులు. నాకే ఎక్కువనిపించింది.

"ఎవరి చెవిలో చెప్పను?" అని అడిగాను. అడిగాక గానీ ఆ ప్రశ్న ఎంత పెద్దదో నాకు తెలియలేదు.

"మాకే చెప్పండి," అంది దీవెన. "పైకే చెప్పండి. మా ఇద్దరివీ పైకి వచ్చేశాయి కదా."

కుర్చీలో కూర్చున్నాను. క్లాసులో నలభై నిమిషాలు ఆగకుండా చెప్పగలను. ఇది వేరే.

"యలమంద," అని మొదలుపెట్టాను, "తనే ఉండాలనుకుంటాడు. కదలకుండా ఉండటం తనకి వచ్చిన పని అనుకుంటాడు. దూడని వదిలి వెళ్ళడం తప్పని కూడా అనుకుంటాడు."

దీవెన తల ఊపింది.

"కానీ దారి తెలిసింది అతనికే. మలుపులన్నీ అతని వేళ్ళ మీదున్నాయి."

"అది నాకూ తెలుసు సార్. అయినా వాడు వెళ్ళలేడు."

"తనంతట తను వెళ్ళడు. అనసూయ వెళ్ళమంటుంది." ఆగాను. "ఆమె వెళ్ళమంటుంది కాబట్టి వెళ్తాడు."

మార్చిలో ఒక ఉదయం బందరు ఆసుపత్రిలో త్రిపురసుందరి, "పదో తరగతికి ఇవాళ రివిజన్ కదా, మీరు వెళ్ళండి," అంది. నేను వెళ్ళాను. మధ్యాహ్నం ఫోను వచ్చింది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. ఆ వరండాలో కూడా అనలేదు.

"వెళ్ళమంటే వెళ్ళిపోతాడా సార్?" దీవెన గొంతులో యలమంద మీద కాస్త కోపం ఉంది. "వాడికి బాధ వేయదా?"

"వేస్తుంది."

"వేస్తే?" మాణిక్యం గోడకి చేరగిలబడి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ అందుకుంది. "ఆ పిల్ల వెళ్ళమన్నాక వెళ్ళకపోతే ఊరుకుంటదటే? నువ్విక్కడ కూర్చుని ఏం చేస్తావురా, నీ మొహం చూస్తే దూడకి కడుపు నిండుద్దా, పో అంటది. మీ నాన్న అట్టాగే వేటకి పోనని కూర్చుంటాడు నాకు జొరమొస్తే. నేనే తరుముతా. పోయాడని ఏనాడన్నా తప్పుపట్టానా? పోనందుకే తిట్టా."

పిల్లలిద్దరూ పగలబడి నవ్వారు. నేను కూడా నవ్వాను. నవ్వు వచ్చాక చాలాసేపటి దాకా కళ్ళజోడు తుడుచుకోవాల్సి వచ్చింది.

ఐశ్వర్య తన బ్యాగులోంచి పెన్ను తీసి ఇచ్చింది. నా పేరు పక్కన ఆ రోజు తేదీ వేశాను. అప్పుడు విప్పాం.

ఐశ్వర్య పైకి చదివింది. 'నువ్వెళ్ళు. మలుపులు నీ దగ్గరున్నాయి. నా దగ్గర నోరుంది,' అంటుంది అనసూయ. యలమంద వెళ్తాడు. ఒక్కసారి కూడా వెనక్కి చూడడు, చూస్తే మలుపుల లెక్క తప్పుతుందని. అనసూయ దూడ తల గుండెకి ఆనించుకుని, నడుంలోతు నీళ్ళలో, నాలుగు గంటలు అరుస్తూనే ఉంటుంది. ఎక్కాలు చెప్తుంది. ఊళ్ళో వాళ్ళందరి పేర్లూ ఇంటి వరసన పిలుస్తుంది. గొంతు బొంగురుపోయాక కూడా పీతల్ని తిడుతూనే ఉంటుంది. పడవలతో వచ్చినవాళ్ళు మలుపుల దాకా యలమంద వేళ్ళను నమ్ముకుని, ఆఖరున ఆమె గొంతును పట్టుకుని చేరతారు. దూడ బతుకుతుంది. గొంతు వచ్చాక అనసూయ అడిగే మొదటి మాట, 'ఎన్ని మలుపులు?' యలమంద చెప్తాడు, 'పదకొండు'. ఆ రోజుకి అతను మాట్లాడిన మాట అదొక్కటే.

చదవడం అయిపోయింది.

"నేనే కరెక్టు," అంది ఐశ్వర్య. కానీ గొంతులో ఊపు లేదు. కాగితాలు చూస్తూ కూర్చుంది. తర్వాత నా వైపు తిరగకుండా, నన్ను మధ్యలో పెట్టకుండా అంది: "ఏయ్. జారుకుంటాడని అన్నాను కదా. వాడు జారుకోలేదు."

దీవెన గోరు గిల్లుకుంటోంది. "నేను కూడా అన్నాగా. అది కూర్చోలేదని." కాస్త ఆగింది. "నాలుగు గంటలు అరవడం నా వల్ల కాదు."

"నా వల్లవుద్ది."

"తెలుసు. హాస్టల్ దాకా వినిపిస్తావు."

"మలుపులు మాత్రం నాకు ఒక్కటి కూడా గుర్తుండదే. ఇందాక పామర్రులోనే తప్పు బస్సెక్కబోయా."

"నేనేగా చొక్కా పట్టుకుని లాగింది!"

"లాగావు, కానీ మాట్లాడలేదు! మాట్లాడకుండా చొక్కా లాగుద్ది సార్ ఇది! ఎవరో దొంగ అనుకున్నా!"

తర్వాత నాతో వాళ్ళకి పని లేకపోయింది. మాణిక్యం వంటింట్లోకి వెళ్ళి, ఎవరినీ అడగకుండా టీ పెట్టింది. పంచదార డబ్బా ఎక్కడుందో నాకన్నా త్వరగా కనుక్కుంది.

*

బందరులో పోటీ బాగా జరిగిందని చెప్పలేను. పది నిమిషాలు మాట్లాడమంటే పద్దెనిమిది నిమిషాలు మాట్లాడారు. దీవెన అనసూయ తరఫున మాట్లాడింది, ఐశ్వర్య యలమంద తరఫున. అలా మార్చుకుందామని బస్సులో వాళ్ళే అనుకున్నారట. జడ్జిగారు గంట కొట్టారు, మళ్ళీ కొట్టారు. చివరికి, "ఇంతకీ ఇద్దరిలో ఎవరు గొప్ప?" అని అడిగారు.

"పుస్తకం చదివి మీరే చెప్పండి సార్," అంది దీవెన, అంతమందిలో. "చివరి పేజీలు తర్వాత ఇస్తాం."

హాలంతా నవ్వింది. టైము మించిపోయినందుకు మార్కులు కోసి రెండో బహుమతి ఇచ్చారు. తిరిగొచ్చేటప్పుడు బస్సు చల్లపల్లి దాటేదాకా, ఎవరు ఎక్కువ సేపు మాట్లాడి మార్కులు పోగొట్టారన్న దాని మీద ఇద్దరూ కొట్లాడుకున్నారు. నేరుగానే.

మర్నాడు పదహారు పేజీలూ కవర్లో పెట్టి, అంటించి, బీరువా తీశాను. మిగతా నలభై రెండు కవర్ల పక్కన పెట్టబోతూ, ఎందుకో పైనున్న కవరు వెనక్కి తిప్పి చూశాను. వరసగా పిల్లల పేర్లు, తేదీలు. అన్నింటికీ అడుగున 'అనంతకృష్ణ గారు'. పక్కన ఖాళీ.

రెండోది తిప్పాను. మూడోది తిప్పాను. ఆ పీరియడంతా నిలబడి నలభై రెండూ తిప్పాను.

ఎనిమిదో తరగతి ప్రణతి రిజిస్టరు పట్టుకుని నా వెనక ఎదురుచూస్తోంది. "సార్, మీకు కూడా పుస్తకం కావాలా?" అంది.

కావాలన్నాను. చిన్నది ఏదైనా చూసి పెట్టమన్నాను. ఒక అట్ట చిరిగిన పుస్తకం తీసి నా చేతిలో పెట్టి, రిజిస్టర్లో నా పేరు తనే రాసింది.

"బాగుంటుంది సార్. ఇద్దరన్నదమ్ములుంటారు. కానీ తర్వాత ఏమవుతుందో చెప్పను," అంది.